సిగరెట్ నుంచి వేప్‌కి, ఆపైన రెండింటికీ: మా క్లినిక్‌లో ఒక కేసు

హైదరాబాద్‌లో ఊపిరితిత్తుల డాక్టర్‌గా పనిచేస్తున్నాను. సిగరెట్ మానాలనుకునేవాళ్ల కోసం విడిగా ఒక క్లినిక్ కూడా చూస్తాను. ఈ మధ్య అక్కడికి వచ్చేవాళ్లలో "సిగరెట్ మానేసి వేప్‌కి మారాను" అనేవాళ్లు పెరుగుతున్నారు. వేప్ అంటే నికోటిన్ ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్. నెమ్మదిగా కూర్చోబెట్టి అడిగితే, చాలామంది మారలేదు, పాతదానికి కొత్తది కలుపుకున్నారు. ఈ తేడా పట్టుకోవడంలోనే వైద్యం సగం ఉంది. ఆ విషయం ఈ కేసులో బాగా కనిపిస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. పేషెంట్ అనుమతి తీసుకున్నాను. ఆయన ఎవరో తెలియకుండా వయసు, కుటుంబం, ఉద్యోగం వివరాలు కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

నేపథ్యం

నలభైకి దగ్గరపడుతున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. భార్య, ఒక కొడుకు. సొంతూరు ఉత్తరాంధ్రలో ఒక పల్లె. ఆ ఇంట్లో పొగాకు కొత్తది కాదు. తాత చుట్ట కాల్చేవాడు, నాయనమ్మకు అడ్డపొగ అలవాటు. చుట్టను నిప్పున్న కొస నోట్లో ఉండేలా పెట్టుకుని కాల్చడాన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పాతతరం ఆడవాళ్లలో ఎక్కువగా ఉండేది. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. నాయనమ్మ నోట్లో పుండుతో పోయిందని, అది ఏం పుండో ఎవరూ చూపించలేదని ఆయన చెప్పాడు. కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు "బీపీ ఉందా, షుగర్ ఉందా" దగ్గర ఆగిపోతే ఇలాంటివి బయటికి రావు.

ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో హాస్టల్లో మొదలైన సిగరెట్, ఉద్యోగంలో చేరేసరికి రోజుకో ప్యాకెట్ అయింది. చాలాసార్లు మానాడు, చాలాసార్లు మొదలుపెట్టాడు. తర్వాత కంపెనీ ఇంగ్లండ్ పంపింది. అక్కడ ఇరవై సిగరెట్ల ప్యాకెట్ 12 పౌండ్లు దాటింది. పైగా చలిలో ఆఫీసు బయట నిలబడి కాల్చాలి. అక్కడి పొగ మాన్పించే సర్వీసులో చేరితే, వాళ్లు సిగరెట్ బదులు వేప్ వాడమని పరికరం ఇచ్చారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మనకు వినడానికి వింతగా ఉన్నా, ఇంగ్లండ్‌లో అది ఆమోదం ఉన్న పద్ధతే. సిగరెట్‌లో మనిషిని చంపేది ప్రధానంగా పొగాకు కాలినప్పుడు పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా వేల రసాయనాలు. మనిషిని కట్టిపడేసేది నికోటిన్. కాల్చకుండా నికోటిన్ ఇస్తే హాని బాగా తగ్గుతుందన్నది వాళ్ల వాదన. అక్కడ ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, ట్యాంకు 2 మిల్లీలీటర్లు మించకూడదు. 2019లో వచ్చిన ఒక ట్రయల్‌లో, ఆ సర్వీసుల ద్వారానే 886 మందిని తీసుకుని సగం మందికి వేప్, సగం మందికి చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్, నమిలే నికోటిన్ గమ్ లాంటివి ఇచ్చారు. ఏడాది తర్వాత సిగరెట్ మానేసి ఉన్నవాళ్లు వేప్ గుంపులో 18 శాతం, రెండో గుంపులో 9.9 శాతం. అదే ట్రయల్‌లో ఇంకో అంకె ఉంది, దాన్ని మాత్రం చాలామంది ఎత్తరు. వేప్‌తో మానినవాళ్లలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ వాడుతూనే ఉన్నారు. రెండో గుంపులో మానినవాళ్లలో ప్యాచ్, గమ్ ఇంకా వాడుతున్నవాళ్లు 9 శాతమే.

మన పేషెంట్ ఆ 18 శాతంలోకీ వస్తాడు, ఈ 80 శాతంలోకీ వస్తాడు. మూడు వారాల్లో సిగరెట్ పూర్తిగా ఆగింది. పొద్దున్నే వచ్చే దగ్గు, కఫం పోయాయి. నికోటిన్ 20 నుంచి 10కి తగ్గించుకున్నాడు. అక్కడున్న రెండేళ్లకు పైగా ఒక్క సిగరెట్ ముట్టలేదు. అది చిన్న విజయం కాదు. ఆ మాట ఆయనతో మొదటిరోజే అన్నాను, ఎందుకంటే ఇండియా వచ్చాక ఆయన్ని ఎవరూ ఆ విషయంలో మెచ్చుకోలేదు.

ఇండియాలో కథ వేరు. 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్‌గా వచ్చి డిసెంబర్‌లో చట్టమైన నిషేధం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి అమ్ముతూ దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అంతకుముందే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పూర్తి నిషేధం మేలని చెప్పింది. పొగ తాగనివాళ్లు, ముఖ్యంగా పిల్లలు, దీంతో నికోటిన్‌కి అలవాటుపడతారన్న భయం అందులో ప్రధానం. ఆ భయంలో నిజముంది, కాలేజీ పిల్లల్ని చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. కానీ అప్పటికే వేప్ మీద నిలబడి సిగరెట్ మానిన మనిషి విమానం దిగితే ఏం చేయాలన్నది మాత్రం అతనికే వదిలేసినట్టయింది.

వచ్చిన సమస్య

ఆయన వ్యసనం మానడానికి రాలేదు. రెండు నెలలుగా పొడిదగ్గు, గుండె దడ, నిద్రలేమి అని వచ్చాడు. భార్య పక్కనే ఉంది.

"సిగరెట్?" అని అడిగాను.

"మానేసి మూడేళ్లయింది మేడమ్. వేప్ మాత్రమే."

ఆవిడ ఏమీ అనలేదు, ఆయన వైపు కూడా చూడలేదు. నేనూ రెట్టించలేదు. మా క్లినిక్‌లో ఎవరొచ్చినా చేసే పరీక్షే చేశాను. పదిహేను సెకన్లు ఊపిరి బిగపట్టి, తర్వాత చిన్న గొట్టంలోకి నెమ్మదిగా పూర్తిగా ఊదాలి. ఊపిరిలో ఉన్న కార్బన్ మోనాక్సైడ్ అంకె తెర మీద వస్తుంది. పొగ తాగని మనిషికి సాధారణంగా ఐదారు పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు ఎన్ని అనే కొలత) లోపే ఉంటుంది. ఈయనకు 16 వచ్చింది.

వేప్‌లో ఏదీ కాలదు, కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ ఈ స్థాయిలో రాదు. అలాగని అంకె చూసి నేరుగా "మీరు సిగరెట్ తాగుతున్నారు" అనకూడదు. ముందు మిగతా కారణాలు తీసేయాలి. ఇంట్లో గ్యాస్ గీజర్ ఉందా, స్నానాల గదికి కిటికీ ఉందా, జనరేటర్ దగ్గర్లో ఉందా అని అడిగాను. గ్యాస్ గీజర్ గురించి అడగడం మాట కలపడానికి కాదు. గాలి ఆడని బాత్‌రూమ్‌లో అది ప్రాణాలు తీస్తుంది. వాళ్లింట్లో కరెంటు గీజరే. ఆవిడకు కూడా ఊదించాను, 2 వచ్చింది. ఒకే ఇంటి గాలి పీల్చే ఇద్దరిలో ఒకరికి 2, ఒకరికి 16. ఇంక నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"ఆఫీసు దగ్గర టీ తాగేటప్పుడు రెండో మూడో..." అన్నాడాయన. తర్వాతి వారం వచ్చినప్పుడు రోజుకు ఆరు, ఒక్కోసారి ఎనిమిది దాకా అని ఒప్పుకున్నాడు. అబద్ధమాడాడని నేననుకోను. టీ కొట్టు దగ్గర లూజుగా కొన్న సిగరెట్‌కి ప్యాకెట్ ఉండదు, లెక్క ఉండదు, ఇంటికి తెచ్చేది ఉండదు. తన దృష్టిలో తాను వేప్ వాడే మనిషి; ఆ సిగరెట్లు స్నేహితుల కోసం.

వేప్ సంగతి ఇంకా ఇబ్బందిగా ఉంది. ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్నవి అయిపోయాక, తెలిసినవాళ్ల ద్వారా దొంగచాటుగా దొరికే డిస్పోజబుల్స్, అంటే అయిపోగానే పారేసే రకం వేప్‌లు వాడుతున్నాడు. డబ్బా మీద 5 శాతం నికోటిన్ అని ఉంది, అంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు. అక్కడ ఆయన దిగివచ్చింది 10కి. ఆ డబ్బా మీద రాసింది నిజమైతే ఐదు రెట్లు. నిజం కాకపోతే ఎంతో ఎవరికీ తెలియదు. ఈ కొత్త పరికరాల్లో నికోటిన్‌ను లవణం రూపంలో వాడతారు కాబట్టి గొంతులో మంట ఉండదు, ఎంత పీల్చినా ఒళ్లు ఆపమని చెప్పదు. దడ, నిద్రలేమి ఎక్కడి నుంచి వచ్చాయో వెతకాల్సిన పనిలేదు.

దగ్గుకి ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమెట్రీ చేయించాను, రెండూ బాగానే ఉన్నాయి. ఎక్స్‌రే తీయించడానికి నాకు కారణం ఉంది. 2019, 2020ల్లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు, 68 మంది చనిపోయారు. అందులో ఎక్కువ భాగం గంజాయి సారం ఉన్న, విటమిన్ ఇ ఎసిటేట్ కలిపిన దొంగ సరుకు వల్ల జరిగింది. ఈయన వాడేది అది కాదు, కానీ లోపల ఏముందో తెలియని ద్రవం పీల్చేవాళ్లకు దగ్గుంటే ఒక ఎక్స్‌రే ఎక్కువ కాదు. ఈసీజీ తీయించాను, నోరు టార్చ్ వేసి అంగిలి దాకా చూశాను. ఏమీ లేదు.

వెళ్లబోతుండగా ఆవిడ అంది: "మొన్న బాబు దాన్ని స్కెచ్ పెన్ అనుకుని బ్యాగ్‌లో పెట్టుకున్నాడు డాక్టర్ గారూ. మామిడిపండు వాసన వస్తోందట." ఆరోజు నేను ఇచ్చిన మొదటి సలహా మందు గురించి కాదు. ఆ పరికరాలన్నీ ఇంటికి వెళ్లిన వెంటనే తాళం ఉన్న అరలో పెట్టమన్నాను. అంత గాఢమైన నికోటిన్ ద్రవం చిన్నపిల్లవాడి నోట్లోకి కొద్దిగా పోయినా ప్రమాదమే.

ఎంత బానిసత్వం ఉంది?

మేం వాడే ఫేగర్‌స్ట్రోమ్ ప్రశ్నావళి సిగరెట్ల కోసం చేసింది. నిద్రలేచాక ఎంతసేపటికి మొదటి సిగరెట్, రోజుకు ఎన్ని, ఇలా అడిగి పదికి మార్కులు వేస్తుంది. ఈయన మొదటి సిగరెట్ ఆఫీసుకు వెళ్లాక, పదకొండు గంటలకు. రోజుకు పది లోపు. ఆ ప్రకారం మార్కులు దాదాపు సున్నా, అంటే తేలికపాటి అలవాటు. ఆ కాగితాన్ని నమ్మితే 2 మిల్లీగ్రాముల గమ్ ఇచ్చి పంపేయవచ్చు.

కానీ వేప్ దిండు కింద ఉంటుంది. కళ్లు తెరిచిన రెండు నిమిషాల్లో పీలుస్తాడు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చినా పీలుస్తాడు. కాబట్టి పొగకు ఒక లెక్క, నికోటిన్‌కు ఒక లెక్క విడివిడిగా వేశాను. పొగ లెక్కలో ఆయన రోజుకు ఆరేడు సిగరెట్ల మనిషి. నికోటిన్ లెక్కలో ప్యాకెట్ కాల్చే రోజుల కంటే తీవ్రంగా ఉన్నాడు. ఈ రెండు లెక్కలూ కలిపేస్తే వైద్యం తప్పుదారి పడుతుంది.

"ప్యాకెట్ నుంచి ఆరుకి తగ్గించాను కదా మేడమ్, రిస్కు కూడా ఆ మేరకు తగ్గినట్టే కదా" అన్నది ఆయన నమ్మకం. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో తగ్గడం వల్ల కొంత లాభం ఉంటుంది. గుండె విషయంలో మాత్రం ఆ లెక్క పనిచేయదు. 2018లో చాలా అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, రోజుకు ఒకే ఒక్క సిగరెట్ తాగేవాళ్లకు కూడా, ఇరవై తాగేవాళ్లకు ఉండే అదనపు గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉందని తేలింది. ఈయనలా బీపీ సరిహద్దులో ఉన్న మనిషికి ఈ విషయం అంకెలతో సహా చెప్పాలి. ఆయన అది విని చాలాసేపు మాట్లాడలేదు. మానాలన్న నిర్ణయం ఆరోజే జరిగిందని నా అంచనా.

ఏది ముందు ఆపాలి?

ఈ కేసులో నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది దీని గురించే. ఇంట్లోవాళ్లకు వేప్ ముందు పోవాలని ఉంది, ఎందుకంటే కనబడేది అదే, చట్టవిరుద్ధం కూడా. నేను సిగరెట్ ముందన్నాను. వేప్ ముందు తీసేస్తే, అంత నికోటిన్ ఒక్కసారిగా తగ్గిన ఒళ్లు వేరే దారి వెతుక్కుంటుంది. ఆ దారి ఆఫీసు గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గరే ఉంది. ఆరు సిగరెట్లు పదిహేను అవుతాయి. రెండింట్లో ఎక్కువ చంపేది సిగరెట్ కాబట్టి, దాన్ని పెంచే ఏ పథకమూ నాకు సమ్మతం కాదు.

అలాగని "సిగరెట్ ఆగేదాకా వేప్ వాడుకోండి" అని నేను రాసివ్వలేను. చట్టం ఒప్పుకోదు. చట్టం పక్కన పెట్టినా, మోతాదు తెలియని వస్తువును ఏ డాక్టరూ సిఫారసు చేయకూడదు. ఇంగ్లండ్ సర్వీసులో ఆయనకు ఇచ్చిన సలహా అక్కడి సరుకు మీద, అక్కడి నియంత్రణ మీద ఆధారపడింది. సలహాను తెచ్చుకోగలం కానీ ఆ నియంత్రణను తెచ్చుకోలేం కదా. అందుకని ఇలా అనుకున్నాం: సిగరెట్‌కి ఒక తేదీ, ఆ తర్వాత కొద్ది వారాల్లో వేప్‌కి ఇంకో తేదీ. ఈలోపు కొత్త పరికరం కొనకూడదు. వేప్ ఖాళీ చేసే చోటును మందుల షాపులో దొరికే, మోతాదు తెలిసిన నికోటిన్‌తో నింపాలి.

పనిచేయనివి

నా దగ్గరికి రాకముందే ఆయన సొంతంగా గమ్ ప్రయత్నించాడు. 2 మిల్లీగ్రాములది మందులచీటీ లేకుండానే దొరుకుతుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి మింగేశాడు, అది కూడా కాఫీతో పాటు. ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చాయి, "ఇది నాకు పడదు" అని మానేశాడు. గమ్ విఫలమైందని చెప్పేవాళ్లలో ఎక్కువమందికి అసలు దాన్ని వాడే పద్ధతే ఎవరూ చెప్పి ఉండరు.

టాబ్లెట్ అంటే భయం. పొగ మాన్పించడానికి ఇచ్చే వరెనిక్లిన్ అనే టాబ్లెట్ వేసుకుంటే ఆత్మహత్య ఆలోచనలు వస్తాయని నెట్‌లో చదివాడు. ఆ హెచ్చరిక ఒకప్పుడు నిజంగానే ఉండేది. 2016లో ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద ట్రయల్‌లో మానసిక సమస్యలు చెప్పుకోదగ్గంత పెరగలేదని తేలాక, అమెరికా మందు వివరాల్లో పెట్టె గీసి పెట్టిన ఆ తీవ్ర హెచ్చరికను తీసేసింది. అదంతా చెప్పినా ముందు టాబ్లెట్ వద్దన్నాడు. ప్యాచ్, గమ్ కలిపి వాడితే ఫలితం వరెనిక్లిన్‌కి దాదాపు సమానంగానే ఉంటుంది, కాబట్టి ఆయన కోరికను కాదనడానికి నాకు కారణం కనిపించలేదు. రాత్రిపూట కూడా నికోటిన్ అడుగుతున్న ఒంటికి 24 గంటల ప్యాచ్ సరైనదనిపించింది. 21 మిల్లీగ్రాముల ప్యాచ్, అవసరమైనప్పుడు 4 మిల్లీగ్రాముల గమ్.

మొదటి వారం బాగుంది. దిండు కింద నుంచి వేప్ పోయింది. కానీ అది మే నెల. బైక్ మీద ఆఫీసుకు వెళ్లేసరికి చెమటకు ప్యాచ్ అంచులు ఊడిపోయేవి. చోటు మార్చి మార్చి అంటించినా చర్మం ఎర్రబడి దురద పెట్టింది. రెండో వారం చివరికి భుజం మీద చతురస్రాకారంలో కందిపోయిన మచ్చలు మూడు కనిపించాయి. సాయంత్రం ప్యాచ్ పీకేస్తున్నాడు. పీకేసిన గంటలో టీ కొట్టు దగ్గర ఉంటున్నాడు. దురద భరించి కొనసాగించమంటే ఎవరూ కొనసాగించరు. అప్పుడు మళ్లీ టాబ్లెట్ మాట ఎత్తాను. ఈసారి ఆయనే "వేసుకుంటాను మేడమ్" అన్నాడు.

పనిచేసినవి

వరెనిక్లిన్ మెదడులో నికోటిన్ అతుక్కునే చోటనే అతుక్కుంటుంది. కొద్దిగా ఉత్తేజం ఇస్తుంది కాబట్టి తలనొప్పి, చిరాకు తగ్గుతాయి. చోటు ఆక్రమించుకుని ఉంటుంది కాబట్టి సిగరెట్ తాగినా మునుపటి మజా రాదు. ఈయన విషయంలో ఈ రెండో గుణమే నాకు ముఖ్యం, ఎందుకంటే సిగరెట్, వేప్ రెండింటి మజానూ అది ఒకేసారి తగ్గిస్తుంది. మొదటి మూడు రోజులు అర మిల్లీగ్రాము ఒకపూట, నాలుగు నుంచి ఏడో రోజు వరకు రెండు పూటలా, ఆ తర్వాత ఒక మిల్లీగ్రాము రెండు పూటలా. అన్నం తిన్నాక, గ్లాసు నిండా నీళ్లతోనే వేసుకోవాలని గట్టిగా చెప్పాను. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం ఖాయం. రాత్రి మోతాదు కాస్త ముందుగా, ఏడున్నరకే వేసుకుంటే, ఈ మందుతో వచ్చే వింత కలల గోల తగ్గింది.

గమ్ వాడే పద్ధతి క్లినిక్‌లోనే నా ముందు చేయించాను. నెమ్మదిగా నమలాలి, నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపాలి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. నికోటిన్ నోటి పొర నుంచే ఎక్కాలి, కడుపులోకి పోతే ఎక్కిళ్లు తప్ప ఏమీ ఉండదు. కాఫీ, నిమ్మరసం లాంటివి తాగిన పావుగంట దాకా గమ్ వేసుకోకూడదు, నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఎక్కదు. ఈ చిన్న సంగతి చెప్పకపోవడం వల్లే మునుపటి ప్రయత్నం పాడైంది.

ఎనిమిదో రోజున సిగరెట్ ఆగింది. వారం తిరిగేలోగా ఫోన్ చేశాడు: చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, మందు వల్లనేమో ఆపేస్తానన్నాడు. రోజుకు ఎన్ని కాఫీలు, టీలు అని అడిగాను. ఎనిమిది దాకా ఉన్నాయి, సిగరెట్ మానాక ఇంకా పెరిగాయి. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను విరిచే ఎంజైమును ఎక్కువగా పనిచేయిస్తాయి. పొగ ఆగిన వారంలో ఆ ఎంజైము మామూలు స్థాయికి వస్తుంది. అప్పుడు అవే ఎనిమిది కప్పులు ఒంట్లో దాదాపు రెట్టింపు కెఫీన్‌గా నిలుస్తాయి. మందు ఆపలేదు, కాఫీలు, టీలు కలిపి మూడుకి తగ్గించాం, మధ్యాహ్నం తర్వాత ఒక్కటీ లేదు. నాలుగు రోజుల్లో సర్దుకుంది. తోటి డాక్టర్లకు ఇక్కడొక మాట: ఇది నికోటిన్ చేసే పని కాదు, పొగ చేసే పని. కాబట్టి పేషెంట్ ప్యాచ్‌కి మారినా, వేప్‌కి మారినా ఇదే జరుగుతుంది. అదే ఎంజైము విరిచే థియోఫిలిన్, క్లోజపిన్, ఓలంజపిన్ లాంటి మందులు వాడేవాళ్లు సిగరెట్ ఆపితే మోతాదు తిరిగి చూసుకోవాలి.

వేప్‌ను ముందు పడకగది నుంచి, తర్వాత కారు నుంచి తీసేశాం. టాబ్లెట్ మొదలైన ఆరో వారంలో పూర్తిగా ఆగింది. ఇంట్లో మిగిలిన పరికరాలు స్నేహితుడికి ఇచ్చేస్తానన్నాడు. వద్దన్నాను, చట్టం సంగతి అటుంచి, స్నేహితుడి ఒళ్లు కూడా ఒళ్లే కదా. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇప్పించాను.

మూడో నెలలో ఊళ్లో పెళ్లి. భోజనాలయ్యాక షామియానా వెనక బావమరుదులతో నిలబడి రెండు సిగరెట్లు కాల్చాడు. సోమవారం పొద్దున్నే ఫోన్: "అంతా పోయింది మేడమ్." పోలేదని చెప్పాను. రెండు సిగరెట్లు తాగడం జారడం. మూడో రోజు ప్యాకెట్ కొనడం పడిపోవడం. ఈ రెండింటి మధ్య ఉన్న రోజుల్లో మనిషిని తిట్టేవాళ్లు దొరుకుతారా, నిలబెట్టేవాళ్లు దొరుకుతారా అన్నదాని మీద చాలా ఆధారపడుతుంది. మందు కొనసాగించాం. ఆరోజు గమ్ ఎందుకు వేసుకోలేదని అడిగితే, పెద్దవాళ్ల ముందు పెళ్లిలో నములుతూ తిరగడం బాగుండదని అన్నాడు. అది ఒప్పుకోదగ్గ కారణమే. అలాంటి చోట్ల కోసం నోట్లో పెట్టుకుని కరిగించే నికోటిన్ లోజెంజ్ రాసిచ్చాను. తర్వాత రెండు ఫంక్షన్లు దాంతోనే దాటాడు.

పన్నెండు వారాల దగ్గర వరెనిక్లిన్ ఆపాం. కార్బన్ మోనాక్సైడ్ 2 వచ్చింది. దగ్గు, దడ లేవు. నాలుగు కిలోల బరువు పెరిగాడు. ముందే చెప్పి ఉంచాను కాబట్టి దాన్ని సాకుగా చేసుకోలేదు. నాతో మాట్లాడలేని వేళల్లో పొగాకు మానడానికి సాయపడే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేసేవాడు. ఆ నంబరు ఇప్పుడు మందు డబ్బా మీద రాసి ఇస్తున్నాను.

ఈ కేసు తర్వాత మా ఫారం మార్చాను. "పొగ తాగుతారా?" అన్న ఒక్క ప్రశ్న బదులు ఇప్పుడు మూడు ఉన్నాయి: కాల్చేది ఏమిటి, పీల్చేది ఏమిటి, నోట్లో పెట్టుకునేది ఏమిటి. ఖైనీ, గుట్కా సంగతులు కూడా ఈ మూడో ప్రశ్నతోనే బయటపడుతున్నాయి. ఒక్కోదానికి నిద్రలేచాక మొదటిసారి ఎప్పుడు అన్నది విడిగా రాస్తున్నాం.

ఏడాది దగ్గర పడుతుండగా ఆఫీసు పని మీద మళ్లీ లండన్ వెళ్లాల్సి వచ్చింది. "అక్కడ లీగలే కదా మేడమ్, వారం రోజులు పీల్చి అక్కడే పడేసి వస్తే?" అని అడిగాడు. అడగడమే మంచిది, అడగకుండా చేసేవాళ్లే ఎక్కువ. సిగరెట్ తాగుతూ ఉన్న మనిషికి అక్కడి వేప్ ఒక మెట్టు దిగడం కావచ్చు. ఏమీ పీల్చకుండా ఉన్న మనిషికి అది మెట్టు ఎక్కడమే అన్నాను. లోజెంజ్‌లు పట్టుకెళ్లాడు.

తిరిగి వచ్చాక ఊదిస్తే 2. కానీ ఆ మీటర్ సిగరెట్‌ను పట్టుకుంటుంది, వేప్‌ను పట్టుకోదు. మూత్రంలో కోటినిన్ (ఒంట్లో నికోటిన్ విరిగితే వచ్చే పదార్థం) చూద్దామంటే లోజెంజ్ వాడేవాళ్లకు అది ఎలాగూ పాజిటివ్ వస్తుంది, ఏ నికోటిన్ వల్ల వచ్చిందో చెప్పదు. అందుకని పరీక్ష రాయలేదు, ఆయన్నే అడిగాను. ముట్టలేదన్నాడు. ఫైల్లో రెండు లెక్కలూ విడిగానే రాశాను. పొగ: లేదు, పరీక్షలో నిర్ధారణ. వేప్: లేదు, పేషెంట్ చెప్పిన ప్రకారం. లోజెంజ్ రోజుకు రెండు, తగ్గిస్తున్నాం.